చిన్న కారులో ఆక్సిజన్ సెన్సార్ లైటు వెలిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా, పైన సాలూరు ఘాట్ వరకు పెట్రోలు కార్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. డీజిల్ బండ్ల సంగతి వేరు, వాటిని ఇందులో కలపలేదు. ఇక్కడ చెప్పిన పరీక్షలకు ఒక బ్లూటూత్ స్కానరు (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు ఫోనులో చూపించేది), ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక 5 వాట్ల పార్కింగ్ బల్బు ఉంటే చాలు.

మీటర్లో పసుపు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బండి మాత్రం బాగానే నడుస్తోంది. ఆపేయాలా?

లైటు నిలకడగా వెలుగుతూ, బండి ఎప్పటిలాగే లాగుతుంటే ఇంటికి వెళ్లిపోవచ్చు. రెండు మూడు రోజుల్లో చూపించాలి, వారాల తరబడి వదిలేయకూడదు. ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువగా పోతున్న స్థితిలో తిరిగితే మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, చివరికి సైలెన్సర్ లైనులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. దాని ఖరీదు ముందు సెన్సార్ ఖరీదు చాలా చిన్నది.

లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి పక్కకి తీయండి. ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండడం లేదు. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టు గళ్ల దిమ్మ కరిగిపోతుంది. అలాంటప్పుడు ఇంకో ఇరవై కిలోమీటర్లు నడిపి ఊరు చేరదామనుకోవద్దు, బండిని లాగించుకుని వెళ్లడమే మంచిది.

ఈ సెన్సార్ చేసే పని ఏమిటి? ఎక్కడ ఉంటుంది?

ఇంజిన్ నుంచి బయటికొచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి కంప్యూటర్‌కి చెబుతుంది. దాన్నిబట్టి కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. మామూలు జిర్కోనియా సెన్సార్ ఇచ్చే వోల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య ఉంటుంది. 0.45 కంటే పైన ఉంటే పెట్రోలు ఎక్కువ, కింద ఉంటే గాలి ఎక్కువ. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ అది పనిచేయదు. త్వరగా వేడెక్కడానికే లోపల హీటర్ పెడతారు.

మూడు, నాలుగు సిలిండర్లు వరసగా ఉన్న చిన్న కార్లలో బ్యాంకు, అంటే సిలిండర్ల వరస, ఒక్కటే. అందుకని స్కానర్‌లో ఎప్పుడూ 'బ్యాంక్ 1' అనే వస్తుంది. 'సెన్సార్ 1' కన్వర్టర్‌కి ముందు ఉంటుంది, బానెట్ ఎత్తితే చాలా కార్లలో పైనుంచే కనిపిస్తుంది. 'సెన్సార్ 2' కన్వర్టర్ తరువాత, చాలావరకు బండి కింద ఉంటుంది. 2013 తరువాతి కార్లలో సాధారణంగా రెండూ ఉంటాయి.

స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చింది. షెడ్డులో సెన్సార్ మార్చేయమంటున్నారు. మార్చేయాలా?

తొందరపడకండి. ఈ మొత్తం జవాబుల్లో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: కోడ్‌లో సెన్సార్ పేరు ఉన్నంత మాత్రాన తప్పు సెన్సార్‌ది కాదు. సెన్సార్ సాక్షి లాంటిది, సైలెన్సర్ గొట్టంలో తనకి కనపడింది చెబుతుంది. 'గాలి ఎక్కువగా ఉంది' అని అది చెబితే, నిజంగానే గాలి ఎక్కువగా ఉందేమో ముందు చూడాలి. ఇంజిన్‌కి, సెన్సార్‌కి మధ్య గాస్కెట్ లీకైతే బయటి గాలి లోపలికి లాగుతుంది. ఒక ప్లగ్గు సరిగ్గా మండకపోతే ఆ సిలిండర్ ఆక్సిజన్ అంతా వాడకుండానే బయటికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సార్ సరిగ్గానే చూసింది. దాన్ని తీసేసి కొత్తది పెడితే కొత్తదీ అదే చెబుతుంది, డబ్బులు మాత్రం పోతాయి.

సెన్సార్ మార్చమన్నవాళ్లని ఒకే మాట అడగండి: 'ఏ కోడ్ వచ్చింది, ఏ పరీక్ష చేశారు?' కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. కోడ్‌తోపాటు కంప్యూటర్ ఆ క్షణంలోని వివరాలు కొన్ని దాచిపెడుతుంది: ఎంత వేగంలో, ఎంత ఆర్పీఎంలో, ఇంజిన్ ఎంత వేడి మీద ఉండగా తప్పు దొరికిందో. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది. అందుకే రాసుకోకముందు ఎవరినీ చెరపనివ్వకండి.

ఏ కోడ్‌కి ఏమిటి అర్థం?

ముందు సెన్సార్‌కి పీ0130 నుంచి పీ0135 వరకు, వెనక సెన్సార్‌కి పీ0136 నుంచి పీ0141 వరకు కోడ్‌లు ఉంటాయి. ఎక్కువగా కనిపించేవి కొన్నే. పీ0135, పీ0141 హీటర్ సర్క్యూట్‌వి. పీ0030, 31, 32 కూడా ముందు సెన్సార్ హీటర్ గురించే. వీటిలో ఇంజిన్ మిశ్రమానికి సంబంధం లేదు, పూర్తిగా కరెంటు పని. పీ0131 అంటే వోల్టేజీ తక్కువలో ఉండిపోయింది, పీ0132 అంటే ఎక్కువలో ఉండిపోయింది. ఈ రెండిట్లో సెన్సార్‌ని తప్పుపట్టే ముందు ఇంజిన్‌ని చూడాలి. పీ0133 అంటే సెన్సార్ నెమ్మదిగా స్పందిస్తోందని. సెన్సార్ నిజంగా ముసలిదైపోయిన సందర్భాలు ఎక్కువగా ఇందులోనే దొరుకుతాయి. పీ0134 అంటే అసలు కదలికే లేదు: వైరు తెగి ఉండాలి, కనెక్టర్ ఊడి ఉండాలి, లేదా సెన్సార్ పోయి ఉండాలి.

వీటితోపాటు పీ0171 (గాలి ఎక్కువ), పీ0172 (పెట్రోలు ఎక్కువ), లేదా పీ0300 వరుస కోడ్ (మిస్‌ఫైర్, అంటే సిలిండర్ సరిగ్గా మండకపోవడం) ఏదైనా ఉంటే ముందు దాని సంగతి చూడండి. అవి తేలితే సెన్సార్ కోడ్ చాలాసార్లు దానంతటదే పోతుంది.

హీటర్ కోడ్ వచ్చింది. ఇంట్లో చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. ఈ పరీక్షలన్నిట్లో తేలికైనది, కచ్చితంగా తేలేది ఇదే.

ముందు బానెట్ కింది ఫ్యూజు పెట్టె చూడండి. మూత లోపలి పట్టీలో హీటర్‌కి ఏ ఫ్యూజో ఉంటుంది. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్‌ది పెట్టండి. మళ్లీ కాలిపోతే పెద్దది పెట్టొద్దు. సెన్సార్ వైరు సైలెన్సర్‌కి తగిలి తోలు కరిగి బాడీకి షార్ట్ అయ్యుంటుంది, వైరు దారంతా చేత్తో తడిమి చూడండి.

ఫ్యూజు బాగుంటే, ఇంజిన్ చల్లారాక సెన్సార్ కనెక్టర్ విప్పండి. వేడికి క్లిప్పు పెళుసుబారి ఉంటుంది, వైరు పట్టి లాగకుండా లాకు నొక్కి తీయాలి. సెన్సార్ వైపు సగంలో ఒకే రంగులో ఉన్న రెండు వైర్లు హీటర్‌వి. ఎన్‌టీకే, బాష్ సెన్సార్లలో చాలావరకు రెండూ తెలుపు, డెన్సోలో చాలావరకు రెండూ నలుపు. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఆ రెండు పిన్నుల మధ్య కొలవండి. చల్లగా ఉన్నప్పుడు మోడల్‌ని బట్టి సుమారు 2 నుంచి 15 ఓంల మధ్య వస్తుంది. మీటర్ ఏమీ చూపించకుండా 'ఓఎల్' అంటే లోపలి తీగ తెగింది, సెన్సార్ మార్చాల్సిందే. మిగిలిన రెండు పిన్నులు సిగ్నల్‌వి, వాటి మీద ఓమ్స్ పెట్టొద్దు.

హీటర్ బాగుంటే బండి వైపు సగం చూడాలి. ఇగ్నిషన్ వేసి, హీటర్‌కి కరెంటు తెచ్చే పిన్నుకి, బాడీకి మధ్య 12 వోల్టులు రావాలి. కొన్ని కార్లలో ఇంజిన్ నడుస్తుంటేనే వస్తుంది. ఇక్కడ మీటర్ ఒక్కటే చాలదు. చిలుము పట్టి ఒకే ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటర్ 12 చూపిస్తుంది. అందుకే 5 వాట్ల బల్బు పెట్టి చూడండి. బల్బు కాంతిగా వెలిగితే సప్లై బాగున్నట్టు, డల్‌గా ఉంటే దారిలో ఎక్కడో చిలుము ఉంది. రెండో వైరు కంప్యూటర్‌కి పోతుంది. సప్లై ఉండి, హీటర్ ఉండి, కోడ్ వస్తూనే ఉంటే ఆ రెండో వైరు తెగిందేమో చూడాలి. కంప్యూటర్ పోవడం అరుదు, ఆ మాట చివర అనుకోవాల్సింది.

స్కానర్ లైవ్ డేటాలో ముందు సెన్సార్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, కూలెంట్ 80 డిగ్రీలు దాటాలి. 2,500 ఆర్పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచండి. తరువాత అదే ఆర్పీఎంలో సెన్సార్ 1 వోల్టేజీ గ్రాఫు చూడండి. మంచి జిర్కోనియా సెన్సార్ 10 సెకన్లలో ఎనిమిది సార్లో, అంతకంటే ఎక్కువో 0.45 గీతని దాటి పైకీ కిందికీ తిరుగుతుంది. ఈఎల్ఎం327 అనే చిప్పుతో వచ్చే చవక స్కానర్లు నెమ్మదిగా చదువుతాయి. స్క్రీన్ మీద పది కొలతలు ఒకేసారి పెడితే ఇంకా నెమ్మదిస్తాయి. ఈ పరీక్షకి ఆ ఒక్క కొలతే ఉంచండి, లేకపోతే మంచి సెన్సార్ కూడా బద్ధకంగా కనిపిస్తుంది.

గ్రాఫు ఒకచోటే ఉండిపోతే దాన్ని బలవంతంగా కదిలించి చూడాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదలండి. తొక్కినప్పుడు 0.8 దాటాలి. తరువాత ఐడిల్‌లో చిన్న వ్యాక్యూమ్ గొట్టం ఒకటి ఊడదీయండి, వోల్టేజీ 0.2 కిందికి పడాలి. రెండు వైపులకీ చురుగ్గా వెళ్లిందంటే సెన్సార్ బతికే ఉంది, అది చెబుతున్నది నిజమే. తప్పు ఇంజిన్‌లో వెతకాలి. ఎటు లాగినా కదలకపోతే అప్పుడు సెన్సార్‌ని అనుమానించవచ్చు, అదీ వైర్లు చూశాకే.

ఒక జాగ్రత్త. కొన్ని కొత్త కార్లలో ముందు సెన్సార్ వైడ్‌బ్యాండ్ రకం. అది 0.1, 0.9 మధ్య ఊగదు. స్కానర్‌లో లాంబ్డా విలువ (గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే అంకె, 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు) 1 దగ్గర దాదాపు నిలకడగా కనిపిస్తుంది. దాన్ని చూసి 'కదలడం లేదు, పోయింది' అనుకుని మంచి సెన్సార్ తీసేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఫ్యూయల్ ట్రిమ్ అంటున్నారు. అదేమిటి?

కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. షార్ట్ టర్మ్ ఆ క్షణానిది, లాంగ్ టర్మ్ కొన్నాళ్లుగా నేర్చుకున్నది. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ 5 లోపు ఉంటే బాగున్నట్టే, 10 దాటితే కారణం వెతకాలి.

ఈ అంకెని రెండుచోట్ల చూస్తేనే ఉపయోగం: ఐడిల్‌లో ఒకసారి, 2,500 ఆర్పీఎంలో ఒకసారి. ఐడిల్‌లో ప్లస్ 15, పైన 3 అయితే గాలి లీకు ఉంది. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ గాస్కెట్ చూడండి. ఐడిల్‌లో బాగుండి, రోడ్డు మీద లోడు పడ్డప్పుడు ప్లస్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు: పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు. రెండుచోట్లా మైనస్ అయితే ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు, లేదా ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయి ఉండొచ్చు.

చిన్న కార్లలో చాలావాటికి గాలిని మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లోని ఒత్తిడిని కొలిచేది) లెక్కకడుతుంది. అలాంటి వాటిలో గాలి లీకైనా ట్రిమ్ పెద్దగా పెరగకపోవచ్చు, దానికి బదులు ఐడిల్ పెరిగిపోతుంది. ట్రిమ్ బాగుందని లీకు లేదనుకోవద్దు. ఐడిల్ ఎప్పుడూ ఉండే దానికంటే ఎక్కువగా ఉంటే గొట్టాలు చూడాల్సిందే.

ముందు సైలెన్సర్ లీకు ఎలా పట్టుకోవాలి?

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకరు సైలెన్సర్ చివర మందపాటి గుడ్డతో కొద్ది సెకన్లు అదిమి పట్టాలి. మానిఫోల్డ్ దగ్గర 'ఫట్ ఫట్' మని చప్పుడు వస్తే లీకు అక్కడే. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు కూడా అదే చెబుతాయి. ఇంజిన్ వేడెక్కాక లోహం వ్యాకోచించి కొన్ని లీకులు మూసుకుపోతాయి, అందుకే చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

కొరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగుతుంటే స్కానర్‌లో వోల్టేజీ సున్నా చూపించింది. సెన్సార్ పోయిందా?

లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. సైలెన్సర్‌లో ఉన్నది ఒట్టి గాలి, అందుకే సున్నా దగ్గర కనిపిస్తుంది. మళ్లీ తొక్కగానే పైకి లేవాలి. ఇంత పొడుగు దిగుడు ఉన్న ఘాట్ నిజానికి సెన్సార్ పరీక్షకి మంచి చోటు. పక్కన కూర్చున్నవాళ్లే స్కానర్ చూడాలి, నడిపేవాళ్లు కాదు.

పీ0420 వచ్చింది. వెనక సెన్సార్ మారిస్తే పోతుందా?

చాలాసార్లు పోదు. కన్వర్టర్ పని తగ్గిందని ఆ కోడ్ అర్థం. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సార్ వోల్టేజీ 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. ముందు సెన్సార్‌లాగే అదీ చకచకా ఊగుతుంటే కన్వర్టర్ ఆక్సిజన్‌ని నిలుపుకోలేకపోతోంది. అంతగా స్పందిస్తున్న వెనక సెన్సార్‌లో తప్పేమీ లేదు. కన్వర్టర్ ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది వేయిస్తే అదీ పోతుంది: ఇంజిన్ ఆయిల్ తాగుతోందా, మిస్‌ఫైర్ ఉందా ముందు చూసుకోండి.

వెనక సెన్సార్ కింద స్పేసర్ (సెన్సార్‌ని పొగకి దూరంగా జరిపే ముక్క) పెట్టి లైటు ఆర్పే పద్ధతికి ఒప్పుకోకండి. లైటు ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది, పొగ మనమూ మన పిల్లలూ పీల్చే గాలిలోకే పోతుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల ఈ లైటు వస్తుందా?

ఒట్టి పెట్రోలు 1 కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. ఈ10 నుంచి ఈ20కి మారితే కంప్యూటర్ నాలుగు శాతం దాకా పెట్రోలు ఎక్కువ పోయాలి. బాగున్న బండిలో అది లాంగ్ టర్మ్ ట్రిమ్‌లో చిన్న పెరుగుదలగా కనిపిస్తుంది, లైటు రాదు. అప్పటికే ట్రిమ్ 8, 10 దగ్గర ఉన్న బండిలో మాత్రం ఆ నాలుగు శాతం కలిసి గీత దాటించవచ్చు.

వానాకాలంలో ఇంకో సంగతి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఎక్కువ నీరు చేరితే ఆ మిశ్రమం విడిపోయి ట్యాంకు అడుగుకి దిగుతుంది. పెట్రోలు పోయించుకున్న కొద్దిసేపటికే బండి కుదుపులతో లైటు వేస్తే సెన్సార్ కంటే ముందు ట్యాంకులోది గాజు సీసాలోకి తీసి చూడండి. రెండు పొరలుగా తేరుకుంటే కారణం దొరికినట్టే.

సముద్రపు గాలి, తుఫాను వానలు, ఎలుకలు: వీటి వల్ల పోతుందా?

మన ప్రాంతంలో వైరింగ్ తప్పులు ఎక్కువగా వీటి వల్లే. కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో బయట పెట్టే బండ్లకి వెనక సెన్సార్ కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. సెన్సార్ మరలు కూడా మానిఫోల్డ్‌లో తుప్పుతో అతుక్కుపోతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి వేగంగా దించితే, వందల డిగ్రీల వేడిలో ఉన్న సెన్సార్ మీద చన్నీళ్లు పడి లోపలి పింగాణీ పగులుతుంది. నీళ్లున్న చోట నెమ్మదిగా దాటండి.

కోతల కాలంలో పొలాల పక్క ఇళ్లలో ఎలుకలు బానెట్ కింద గూడు కడతాయి. సెన్సార్ వైరు సన్నగా ఉంటుంది కాబట్టి త్వరగా తెగుతుంది. రాత్రి బాగానే పెట్టిన బండి పొద్దున్నే పీ0134 లేదా హీటర్ కోడ్ చూపిస్తే వైరు దారంతా లైటు వేసి చూడండి. ధాన్యపు పొట్టు, పెంటికలు కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు.

తీసి పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టొచ్చా?

వద్దు. కడిగితే బాగయ్యేది దాదాపు ఏమీ ఉండదు. తీసినప్పుడు కొన మీది రంగు మాత్రం చూడండి. ఎండిన నల్లటి మసి అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆ తప్పు సరిచేసి హైవే మీద నడిపితే మసి కాలిపోతుంది. గోధుమ, బూడిద రంగు పొర అంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. తెల్లటి పొడి పొర ఉంటే ఈమధ్య ఎవరైనా సిలికాన్ గమ్ము వేసి గాస్కెట్ బిగించారేమో, లేదా కూలెంట్ లోపలికి కారుతోందేమో చూడాలి. ఈ రెండూ సెన్సార్‌ని శాశ్వతంగా చంపుతాయి, మూలం ఆపకపోతే కొత్తదాన్నీ చంపుతాయి.

మార్చాల్సిందేనని తేలింది. ఏం జాగ్రత్త పడాలి?

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీయండి, మరీ చల్లగా ఉంటే మరలు పట్టేస్తాయి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే మరల మొదట్లో కొట్టి ఉంచితే మంచిది. వైరు పట్టడానికి చీలిక ఉన్న 22 ఎంఎం సాకెట్ దొరుకుతుంది, మామూలు పానా జారి అంచులు తినేస్తుంది. గట్టిగా ఉంటే కొంచెం తిప్పి, కొంచెం వెనక్కి తిప్పి, స్ప్రే కొడుతూ తీయాలి. మరలు చెడితే ఎం18, 1.5 పిచ్ ట్యాప్‌తో సరిచేయొచ్చు.

కొత్తదాని మరలకి సాధారణంగా కంపెనీయే బూడిద రంగు పేస్టు రాసి పంపుతుంది. కొనకి పేస్టు, గ్రీజు, చేతి నూనె తగలకూడదు. బిగింపు 35 నుంచి 45 న్యూటన్ మీటర్లు. కింద పడిన సెన్సార్ బయటికి బాగున్నా వాడొద్దు.

చవకగా దొరికే, వైర్లు అతికించుకునే యూనివర్సల్ సెన్సార్ పరవాలేదా?

మీ బండి కనెక్టరే ఉన్నది కొనండి. చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల పోగుల మధ్య నుంచే పీల్చుకుంటాయి. సోల్డర్ చేస్తే ఆ దారి మూసుకుపోయి రీడింగు తప్పుతుంది. కనెక్టర్‌లో గ్రీజు నింపినా, నూనె స్ప్రే కొట్టినా ఇదే నష్టం.

పొల్యూషన్ చీటీ దీనికి ఏమైనా పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, చాలామంది చదవకుండా డ్యాష్‌బోర్డులో పడేస్తారు. బీఎస్4, ఆ తరువాతి పెట్రోలు కార్లకి ఐడిల్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం, హెచ్‌సీ (మండని పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం మించకూడదు. 2,500 ఆర్పీఎం దగ్గర సీఓ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97, 1.03 మధ్య ఉండాలి. సెన్సార్ 'పెట్రోలు ఎక్కువ' అంటూ ఉండి, చీటీలో కూడా సీఓ ఎక్కువైతే సెన్సార్ నిజమే చెబుతోంది. పైపు నిజంగా సైలెన్సర్‌లో పెట్టి తీసిన చీటీ అయితేనే ఈ లెక్క పనికొస్తుంది, దగ్గరుండి తీయించుకోండి.

పని అయ్యాక లైటు ఎప్పుడు ఆరుతుంది? బ్యాటరీ తీసి పెడితే చాలదా?

బ్యాటరీ తీస్తే లైటు ఆరుతుంది గానీ నేర్చుకున్న ట్రిమ్, స్వీయ పరీక్షల ఫలితాలు అన్నీ చెరిగిపోతాయి. తప్పు పోయిందో, చెరిగిందో తెలియదు. చాలా కోడ్‌లు వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే లైటు వేస్తాయి కాబట్టి, చెరిపాక మొదటిరోజు లైటు రాలేదంటే ఏమీ తేలినట్టు కాదు. ఏమీ చెరపకపోయినా, మూడు ప్రయాణాలు వరుసగా బాగుంటే లైటు దానంతటదే ఆరుతుంది. కోడ్ మాత్రం ఇంజిన్ చల్లారి మళ్లీ వేడెక్కడం 40 సార్లు జరిగేదాకా మెమరీలో ఉంటుంది.

తేల్చుకోవడానికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వరకు హైవే మీద 60, 80 మధ్య నిలకడగా వెళ్లి రండి. మధ్యలో రెండు మూడు సార్లు యాక్సిలరేటర్ వదిలి గేరులోనే వేగం తగ్గనివ్వండి. తరువాత స్కానర్‌లో రెడీనెస్ (స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పే పట్టీ) చూడండి. ఆక్సిజన్ సెన్సార్, దాని హీటర్, కన్వర్టర్ మూడూ 'పూర్తి' అని చూపించి, పెండింగ్ కోడ్ ఏదీ లేకపోతే పని అయినట్టు. ఒకటి రెండు 'పూర్తి కాలేదు' అని ఉంటే మర్నాడు మళ్లీ చల్లటి ఇంజిన్‌తో అదే దారి వెళ్లండి. పాత కోడే తిరిగొస్తే, మొదట కాగితం మీద రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ పక్కన కొత్తది పెట్టి చూడండి: అదే వేడిలో, అదే ఆర్పీఎంలో వచ్చిందంటే అసలు తప్పు ఇంకా అలాగే ఉంది, వేరే చోట వచ్చిందంటే కొత్తగా బిగించిన కనెక్టర్ దగ్గర వెతకడం మొదలుపెట్టండి.